ఇది ఆవకాయ కాదు

మా బావ పోయాడన్న కబురు నాకు ఇక్కడ జర్మనీలో, డ్రెస్డెన్‌లో ట్రామ్ ఎక్కాక తెలిసింది. అక్క ఫోన్ చేసి, "మీ బావ ఆఫీసులోనే పడిపోయారంట. హాస్పిటల్‌కి తీసుకెళ్లేసరికే అయిపోయిందంట" అంది. ఆ తర్వాత నేను ఏ స్టాపులో దిగానో గుర్తులేదు. మూడు నెలలవుతోంది. ఇన్నాళ్లూ ఆయన గురించి రాద్దామని కూర్చుంటే చెయ్యి ఆడలేదు.

బావ చిప్‌లు చేసే కంపెనీలో ఇంజనీరు. వారమంతా ఒళ్లంతా కప్పే తెల్ల సూటు వేసుకుని దుమ్ము పడని గదుల్లో తిరిగే మనిషి, శనివారం వచ్చిందంటే లుంగీ కట్టి వంటింట్లో బీరు కాచేవాడు. ఇక్కడివాళ్లు తాగే మామూలు బీరు కాదు. హాప్స్ అనే పూలు, పొడి చేసి గుళికలుగా నొక్కినవి, దండిగా వేసిన చేదు బీరు. అది మరుగుతుంటే ఇల్లంతా నారింజ తొక్కా కోసిన గడ్డీ కలిసిన వాసన. చుక్క ముట్టని మా అక్కకు ఆ వాసనంటే తలనొప్పి. బయట మంచు పడుతున్నా కిటికీలన్నీ బార్లా తెరిచేది.

"మూసెయ్యవే, చలికి చచ్చిపోతున్నా" అనేవాడు బావ.

"మీ కంపుకి నేను చావట్లేదా?" అనేది అక్క.

ఇంటికి ఎవరొచ్చినా కాఫీ కంటే ముందు నాలుగు హాప్స్ గుళికలు అరచేతిలో నలిపి వాళ్ల ముక్కు దగ్గర పెట్టేవాడు. వాళ్లు కళ్లు మూసుకుని పీలిస్తే ఆయన మొహం వెలిగిపోయేది. "ఇది దాచుకునే సరుకు కాదమ్మా. వాసన ఉండగానే పంచెయ్యాలి" అని సీసాలన్నీ ఊరందరికీ ఇచ్చేసేవాడు.

ఆకెన్ ఊళ్లో మాస్టర్స్ అయిపోయి ఇక్కడ ఉద్యోగంలో చేరిన కొత్తల్లో, గది దొరికేదాకా వాళ్లింట్లోనే ఉన్నాను. అప్పుడే నా ఘనకార్యం జరిగింది. బావ ట్రైనింగ్‌కని మ్యూనిక్ వెళుతూ, కెల్లర్‌లో, అంటే ఇంటి కింది నేలమాళిగలో, పులుస్తున్న బీరు డ్రమ్ములో ఆఖరి విడత హాప్స్ వేసి, "నాలుగు రోజులు దాని జోలికి పోకు" అని చెప్పి వెళ్లాడు. మూడో రోజు కెల్లర్‌కి దిగిన నేను ఊరుకోలేక మూత తీశాను. హాప్స్ అంతా పైనే తేలుతోంది. ఆవకాయ పెట్టిన మూడో రోజు జాడీలో అడుగు నుంచి తిరగ కలపాలని అమ్మ దగ్గర నేర్చుకున్నదాన్ని కదా! పెద్ద గరిటె వేడి నీళ్లతో కడిగి, సాయం చేస్తున్నాననుకుని బాగా కలిపి వచ్చాను.

బావ తిరిగొచ్చాక సీసాల్లో పట్టి రెండు వారాలు ఆగి తీస్తే, బీరు బురద రంగుకి తిరిగింది. తడిసిన అట్టపెట్టె వాసన. బావ గ్లాసు మొత్తం నిదానంగా తాగి, "ఎవరన్నా మూత తీశారా?" అన్నాడు. ఆవకాయలా తిరగ కలిపానని ఒప్పుకున్నాను. కళ్లలో నీళ్లొచ్చేలా నవ్వాడు. "గాలి తగిలితే దీని పని అంతేనమ్మా. అయినా మరదలా, నూనె పైకి తేలలేదని కలిపావా?" అన్నాడు. ఒక్క విసురు మాట లేకుండా అంతా సింకులో పారబోశాడు. తర్వాత డ్రమ్ము మూత మీద తెల్ల టేపు అంటించి, మార్కర్‌తో తెలుగులో రాశాడు: "ఇది ఆవకాయ కాదు".

మరుసటి శనివారం నన్నే పొయ్యి ముందు నిలబెట్టాడు. "పాడు చేసినవాళ్లే నేర్చుకోవాలి" అన్నాడు. మూడుసార్లు కాయించాడు. మూడోసారి తాగి తలూపాడు.

ఆయన పోయిన నాలుగో రోజు. అంత్యక్రియలకి టెర్మిన్, అదే ఇక్కడివాళ్లు ఇచ్చే తేదీ, ఇంకా దొరకలేదు. ఇంటి నిండా జనం. కుర్చీల కోసం కెల్లర్‌కి వెళితే డ్రమ్ము కనిపించింది. మూత మీద టేపు. పక్కన తూకం వేసి ఉంచిన హాప్స్ సంచి, దాని మీద బావ చేతిరాతతో మర్నాటి తేదీ. పైకొచ్చి చెబితే, "ఈ టైంలో బీరేంటమ్మా, పారబొయ్" అన్నారు ఒకాయన. నాకు ఒళ్లు మండింది. బావ చేతి బీరు ఇంక ఇదొక్కటే. అక్క వైపు చూశాను.

అక్క లేచి నా దగ్గరికొచ్చింది. "ఆయన మొదలుపెట్టిందేగా. నువ్వు పూర్తి చెయ్యి. హాప్స్ వేశాక మాత్రం మూత తియ్యకు" అంది.

మర్నాడు మోచేతుల దాకా కడుక్కుని హాప్స్ వేసి మూత బిగించాను. మూడో రోజు కుర్చీ వేసుకుని డ్రమ్ము ముందు కూర్చున్నాను. ఏడుపొచ్చింది. టేపు మీది మాట చదువుకుని, మూత ముట్టకుండా పైకొచ్చాను. నాలుగు రోజులయ్యాక సీసాల్లో పట్టి రెండు వారాలు ఆగాను. మొదటిది తీస్తే తేనె రంగులో, బావ అరచేతి వాసనతో వచ్చింది.

ఆయన ఆఫీసు వాళ్లకీ, స్నేహితులకీ, పక్కింటివాళ్లకీ పంచేశాం. ఒక్క సీసా మాత్రం అక్క ఫ్రిజ్‌లో పెరుగు డబ్బా వెనక దాచింది. నేను అడగలేదు. పోయిన ఆదివారం తనే తీసుకొచ్చి బల్ల మీద పెట్టింది.

"ఎన్నాళ్లు దాస్తానే? వాసన పోతుందని ఆయనే అనేవారుగా."

మూత తీసి రెండు స్టీలు గ్లాసుల్లో పోశాను. అక్క తాగలేదు. గ్లాసు రెండు చేతులతో ముక్కు దగ్గర పట్టుకుని కూర్చుంది. కాసేపటికి లేచి వెళ్లి, తెరిచి ఉన్న వంటింటి కిటికీ మూసేసింది.