జహంగీర్ మెచ్చిన వీడియో గేమ్

పొద్దుగాల మన బడి దోస్తుల గ్రూపుల లొల్లి షురువైంది. పాత వీడియో గేములల్ల ఇప్పటి ఆటలన్నిటికీ దారి చూపింది ఏదని. ఒకరు ట్యాంకుల ఆట అంటున్నరు, ఒకరు తుపాకులది అంటున్నరు. నాకు జహంగీర్ యాదికొచ్చిండు.

నార్కట్‌పల్లిల వాళ్ల అబ్బా టీవీలు బాగుచేసే దుకాణం యాదికుందా? సోల్డరింగ్ పొగ వాసన, పసుపుపచ్చ గేమ్ క్యాసెట్టు, దాన్ని నోటితోని ఊది పెట్టుడు. గప్పుడు గూడ మనది గిదే లొల్లి. బోరు నీళ్లల్ల ఫ్లోరైడ్‌కు జహంగీర్ కాళ్లు వంకర పోయినయ్. "గోడలు దుంకుకుంట ఉరికే ఆటనే అన్నిటికంటే గొప్పది," అన్నడు వాడు.

"ఎందుకురా?" అన్న.

"అండ్ల నేను గూడ ఉరుకుత గదరా."



పదో తరగతికొచ్చేసరికి వేళ్లు గూడ బిగుసుకపోయినయ్. రిమోట్ నా చేతిల పెట్టి, "నువ్వాడు, నేను చెప్త," అనేటోడు.

పోయినేడు వాళ్లింటికి పోయిన. మంచంల ఉన్నడు, మెడ తిరుగుతలేదు. ఫోన్ల గా ఆట పెట్టి చూపిచ్చిన. జరసేపు చూసి, "బంద్ చెయ్‌రా," అన్నడు. కండ్లు నా దిక్కు తిప్పి అడిగిండు: "నీ బిడ్డకు ఏం నీళ్లు తాపుతున్నవ్?"

"నల్లా నీళ్లురా. ఇప్పుడు నది నీళ్లొస్తున్నయ్."

"మంచిది," అని కండ్లు మూసుకుండు. నెల తిరగకముందే పోయిండు.