వంటింట్లో సెన్సారు

'ఆ రోజుల్లో' అని మొదలుపెట్టడానికి నాకేమంత వయసు మీద పడలేదు. కానీ తొలి ఉద్యోగంలో చేరిన కొత్తలో నేనెంత తెలివైనదాన్నని అనుకునేదాన్నో తలుచుకుంటే, ఆ పిల్లెవరో నాకు బొత్తిగా పరిచయం లేనట్టు ఉంటుంది. శ్రీకాకుళంలో ఒక మేడ మీద రెండు గదుల్లో నడిచే చిన్న కంపెనీ అది. నన్ను ట్రయల్ మీద తీసుకున్నారు. నచ్చితే ఉంచుకుంటారు, లేకపోతే పంపేస్తారు. పంపేస్తే మా మావ ఎరువుల కొట్టులో బిల్లులు కొట్టడానికి ఒక కుర్చీ నాకోసం సిద్ధంగా ఉంది (దానికి ఒక చెయ్యి లేదు, పక్కనే పురుగుమందు డబ్బాలు). ఆ కుర్చీ నాకు కలలోకి వచ్చి మరీ భయపెట్టేది.

మా బాసుని మేమంతా గ్రాఫు సారు అనేవాళ్లం. ఆయన మనిషి మొహం చూసి మాట్లాడరు, కంప్యూటర్లో గీతని చూసి మాట్లాడతారు. ఒక సాయంత్రం నా చేతిలో ఓ అట్టపెట్టె పెట్టి, "దీన్ని మీ ఇంట్లో వారం పాటు పెట్టి చూడమ్మా. గీతలు సరిగ్గా వస్తే ఉద్యోగం నీదే" అన్నారు. అందులో అగ్గిపెట్టెలంత తెల్లటి డబ్బాలు నాలుగు, వాటి కబురు వైర్లు లేకుండా అందుకుని మా ఫోన్లకి పంపే పెద్ద డబ్బా ఒకటి. గదిలో వేడెంత, గాలిలో తేమెంత అన్నది చిన్న డబ్బాలు చూస్తాయి. బిళ్లంత బ్యాటరీతో ఏళ్లపాటు బతకాలి కాబట్టి అవి చాలాసేపు నిద్రపోతాయి, మధ్యలో లేచి ఒక ముక్క చెప్పి మళ్లీ పడుకుంటాయి. గాలిలో పెద్ద తేడా వస్తే మాత్రం అప్పటికప్పుడు లేచి చెప్పేస్తాయి. (ఇలాంటి ఉద్యోగాలు మనుషులకెందుకు ఇవ్వరో అని మా నాన్న చాలా బాధపడ్డారు.)

శ్రీకూర్మం దగ్గర మా ఊరు. ఇంట్లో మా అమ్మా నాన్నా, నాన్నని కన్న మామ్మా. మామ్మ నోటికి మా వీధిలో ఎదురు లేదు. పక్కింటి మేక మా తోటకూర మడి వైపు చూసిందంటే చాలు, దాని మూడు తరాలనీ కడిగేసేది. నేను స్టూలెక్కి, టేపు ముక్క పళ్ల మధ్య పెట్టుకుని, వంటింటి గోడకి డబ్బా అంటిస్తుంటే వెనకాల నిలబడింది.

"ఏటే అది?"

"సెన్సారు మామ్మా."

"సెన్సారంటే? సినిమాల్లో పాడుమాటలు కోసెత్తారు, అదేనా?"

నా ధ్యాసంతా టేపు మీద ఉంది. "ఆఁ, ఆఁ, అలాంటిదేలే" అనేశాను.

"మరయితే మన మాటలింటాదేటి?"

"ఇప్పుడది నిద్దరోతంది. నువ్వెల్లు మామ్మా."

"నిద్దరేటి! అది దొంగనిద్దర" అని, దానివైపు అనుమానంగా చూస్తూ వెళ్లిపోయింది.

మర్నాటి నుంచి మా ఇల్లు ఇల్లు కాదు, కలెక్టరాఫీసు. పొద్దున్నే మేక వచ్చింది. మామ్మ వంటింటి గుమ్మంలోంచి "నీ జి..." అని గోడ వైపు చూసి, గుటక మింగి, "నీ జీవితం బాగుండ, ఇటు రాకమ్మా" అంది. మేక కూడా ఆగి చూసింది. ఉప్పు దగ్గర రోజూ మామ్మతో గొడవపడే మా అమ్మ "అత్తయ్యగారూ, కాస్త తగ్గిందంటారా?" అని అడిగింది. ఆ 'గారు' మా ఇంట్లో అడుగుపెట్టడం అదే మొదటిసారి. నాన్న పేపరు చదువుతూ, తనకి గిట్టని నాయకుడి ఫొటో దగ్గర ఆగి, "పాపం, ఈయనా మనిషే" అన్నారు. ఇదంతా చూసి నేనేమనుకున్నానో తెలుసా? పిల్ల ఉద్యోగస్తురాలైంది కదా, ఇంట్లో మర్యాద పెరిగిందని తెగ మురిసిపోయాను! పొద్దున్నే క్యారేజీ పుచ్చుకుని బస్సెక్కడం, రాత్రి పెరట్లో చాప మీద అన్నం తినడం. పెరట్లో ఎందుకంటే ఎండాకాలం కదా, ఉక్క అనుకున్నాను.

వారం అయిపోవస్తోందనగా గ్రాఫు సారు పిలిచారు. "మీ ఇంట్లో వంట చెయ్యరా?"

"ఎందుకు చెయ్యరండీ? రోజూ చేస్తారు."

"మరి వంటింటి గీత చూడు, స్కేలు పెట్టి గీసినట్టుంది. వేడి లేదు, ఆవిరి లేదు. పెట్టి చూడమంటే అటకమీద పడేశావా? రేపటికల్లా తేలకపోతే ఇక నీ ఇష్టం."

నా కళ్ల ముందు ఒంటిచెయ్యి కుర్చీ కదిలింది. మధ్యాహ్నమే బస్సెక్కి ఇంటికొచ్చాను. వంటిల్లు చల్లగా, శుభ్రంగా, గుడిలా ఉంది. పెరట్లోంచి మాత్రం కేకలు. వెళ్లి చూద్దును కదా, మూడు ఇటుకల మీద చేపల పులుసు కుతకుతలాడుతోంది. అమ్మ, మామ్మ ఉప్పు దగ్గర హాయిగా దెబ్బలాడుకుంటున్నారు.

"ఇక్కడెందుకొండుతున్నారు?" అని అరిచాను.

"మరేటి సెయ్యమంటావే గుంటా! నోరు కట్టుకుని పులుసెలాగ మరిగించడం?" అంది మామ్మ. అమ్మ చల్లగా చెప్పింది: "మా తిట్లు మీ ఆఫీసోల్లు ఇంటే నీ ఉద్యోగం పోతాదని, ఇంట్లో ఎవులూ నోరెత్తకూడదని మామ్మే మా అందరిసేతా ఒట్టేయించింది."

నాకు నవ్వూ ఏడుపూ కలిసొచ్చాయి. జన్మలో ఎవరికోసమూ నోరు కట్టుకోని మనిషి, నాకోసం వారం కట్టుకుంది. ఆవిడ చెయ్యి పట్టుకుని, "దానికి సెవుల్లేవు మామ్మా. వేడి, సెమ్మ, అంతే. ఒట్టు" అన్నాను.

"అయితే తిట్టి సూస్తాను" అని చరచరా వంటింట్లోకి నడిచింది. స్టూలెక్కి, ముక్కు డబ్బాకి తగిలేంత దగ్గరగా పెట్టి, వారం నుంచి దాచిందంతా ఒక్కసారి విప్పింది. "ఒరే దొంగసచ్చినోడా! నీ జిమ్మడ! నీ మొకం మండ! నా వంటింట్లో కూకుని నాకే కాపలా కాస్తావేటిరా!"

నా చేతిలో ఫోను గజగజలాడింది. వారంగా పడుకున్న గీత నిటారుగా లేచింది.

"సూసావా! ఇన్నాది!" అంది మామ్మ.

అది ఊపిరి తేమ అని చెప్పేలోపు గ్రాఫు సారు ఫోను. "లేచిందమ్మాయ్! ఏం చేశావ్? ఆవిరి పట్టించావా? ఇంకోసారి చెయ్యి, సరిచూస్తాను."

ఫోను చేత్తో మూసి, "మామ్మా, మల్లీ తిట్టమంటున్నారు" అన్నాను.

"మీ సారే?"

"సారే."

మామ్మ పైట బొడ్లో దోపుకుంది. ఈసారి డబ్బాతో పాటు, ఆడపిల్లని ఏడిపించే గ్రాఫు సారునీ ఆయన కంప్యూటర్నీ కూడా కలిపింది. ఫోను మీద నా చెయ్యి ఎప్పుడో జారిపోయిందని నేను ఆలస్యంగా గమనించాను. అవతల నుంచి కీబోర్డు టకటకలు. తర్వాత, "గీత అద్భుతం. మాటలతో నాకు పనిలేదు" అన్నారాయన. ఉద్యోగం ఖాయమైంది. ఆవిరి ఎక్కడిదని రిపోర్టులో అడిగితే 'స్థానికం' అని రాశాను.

ఇప్పుడు కంపెనీతో పాటు నేనూ విశాఖ చేరాను, ఇక్కడ మా ఇంట్లో ఓ గుండ్రటి డబ్బా ఉంది. పాట పెట్టమంటే పెడుతుంది, వానొస్తుందా అంటే చెబుతుంది. ఇది నిజంగానే వింటుంది. ఆ రోజు స్టూలెక్కి, నోట్లో టేపు పెట్టుకుని, మామ్మకేం తెలుసులే అనుకున్న పిల్ల గుర్తొస్తే నవ్వొస్తుంది. మొన్న ఆఫీసులో ఒళ్లు మండి మామ్మకి ఫోను చేశాను. "ఇవాళ మా గ్రాఫు సారు..." అని మొదలుపెట్టి, డబ్బా వైపు చూసి, టక్కున ఆగి బాల్కనీలోకి నడిచాను. అవతల మామ్మకి బండ్ల హారన్లు వినిపించినట్టున్నాయి.

"పెరట్లోకి ఒచ్చీసావేటే?" అంది.

"ఒచ్చీసాను మామ్మా."

"అయితే ఇంక తిట్టు."