ఆయుధ పూజకు తుడిచిన తెర

మా అమ్మ మాట్లాడేది తెలుగు, రాసేది కన్నడ అక్షరాల్లో. కర్ణాటకలోని మా చింతామణి చుట్టుపక్కల ఆమె ఈడు వాళ్ళు చాలామంది అంతే. బడిలో నేర్పింది కన్నడ, ఇంట్లో పాడింది తెలుగు. రెండేళ్ళుగా వేళ్ళు వణికి చేతిలో పెన్ను నిలవడం లేదు. అందుకని నా పాత కంప్యూటర్ ఆమెకిచ్చి, ఒక్కొక్క అక్షరమే నొక్కడం నేర్పాను.

ఆమె రాసేది పాటలు. బాగేపల్లిలో ఉన్న మా పెద్దమ్మ రోజూ పొద్దున ఫోనులో ఒక పాట పాడుతుంది, అమ్మ దాన్ని టైపు కొట్టి పెట్టుకుంటుంది. పెద్దమ్మకు మతిమరుపు మొదలైంది. ఇవాళ పాడింది రేపు గుర్తుంటుందో లేదో తెలియదు. అమ్మమ్మ పాటలన్నీ వచ్చింది ఆమె ఒక్కదానికే. అమ్మ తొందర అందుకే.

దసరాకు ఇల్లు కడుగుతూ అమ్మ కంప్యూటర్‌నూ వదల్లేదు. ఆయుధ పూజకు కొడవలి, కత్తిపీట, కుట్టుమిషను తుడిచినట్టే దాన్నీ తుడిచి, తెర మీద కూడా బొమ్మలు ఎక్కువయ్యాయని ఒక్కొక్కటే తీసి పారేసింది. అది ఇంగ్లీషులో ఏదో అడిగితే సరేనని నొక్కిందట. విభూతి, కుంకుమ పెట్టి దండం పెట్టుకుని చూస్తే, మేం సెట్టింగు అని పిలుచుకునే కంట్రోల్ ప్యానెల్ బొమ్మ మాయమైంది. అక్షరాలను కన్నడలోకి మార్చడానికి నేను నేర్పిన దారి అదొక్కటే.

బుధవారం సాయంత్రం ఫోన్ చేసింది.

"సెట్టింగు యాడికి పోయిందో కనపడలేదప్పా. అంతా ఇంగ్లీషులోనే పడతాండాది."

"దానికీ నీళ్ళు పోసి కడిగినావా యేమి?" అన్నాను.

"నగొద్దురా. రేపు అక్క పాడితే యెట్ల రాసేది?"

ఫోనులో కంప్యూటర్ పాఠం చెప్పడమంటే నాకు ఒళ్ళుమంట. రెండో మాటకే గొంతు లేస్తుంది. పనుంది, ఆదివారం వస్తానన్నాను. పనేమీ లేదు. నేనుండే చిక్కబళ్ళాపురంలో సెలవులకు కాళ్ళు చాపుకుని కూర్చున్నాను.

ఆదివారం వెళ్ళాను. తెర మీద ఖాళీ చోట మౌసు కుడివైపు నొక్కి, పర్సనలైజ్‌లోకి పోయి, చేంజ్ డెస్క్‌టాప్ ఐకన్స్ తెరిచి, కంట్రోల్ ప్యానెల్ పక్కన టిక్కు పెట్టి ఓకే అన్నాను. బొమ్మ తిరిగి వచ్చేసింది. అమ్మ ఇచ్చిన కాఫీ ఇంకా చల్లారనే లేదు.

"ఇంతేనా?" అంది అమ్మ.

వెంటనే పెద్దమ్మకు ఫోన్ కలిపి స్పీకర్లో పెట్టింది.

"అక్కా, బేస్తవారం నలుగు పాట ఒకటి పాడితివే, ఇంగోసారి పాడు. రాసుకుంటా."

"నలుగు పాటా? నాకు యాడ వస్తాదమ్మే అవన్నీ?"

అమ్మ ఒప్పుకోలేదు. తనకు గుర్తున్న మొదటి రెండు మాటలు అందించింది. పెద్దమ్మ ఆ రెండు మాటలనే తిప్పి చెప్పింది. సరేనని, వినాయక చవితికి ముందు కొట్టి పెట్టుకున్న వేరే పాటను తెర మీద చూస్తూ మొత్తం పాడింది. పెద్దమ్మ చివరిదాకా విని, "బాగుండాదే! ఎవురు నేర్పించినారు నీకు?" అంది.

"నువ్వే అక్కా."

"అట్లనా? నాకూ నేర్పించు."

అమ్మ కళ్ళు తుడుచుకుని మళ్ళీ మొదటి నుంచి ఎత్తుకుంది. ఒక్కో చరణానికీ ఆగుతోంది, ఫోనులో పెద్దమ్మ వెంట అంటోంది. నాకు తలెత్తాలంటే సిగ్గేసింది. చిక్కబళ్ళాపురం నుంచి చింతామణికి బస్సులో గంట, గంటన్నర దారి. బేస్తవారం పాట ఇక ఎవరికీ రాదు.