స్నానం అయ్యాకే హోంవర్క్

కల్లంలో మిరపకాయలు ఉన్నన్నాళ్ళూ మా ఇంట్లో ఒకటే రూలు. అక్కడి నుంచి వచ్చినవాళ్ళు స్నానం చేసేదాకా పిల్లను గానీ దాని వస్తువుల్ని గానీ ముట్టుకోకూడదు. ఆ ఘాటు దాని కళ్ళకు తగిలితే ఇక అందరికీ జాగారమే. ఈ రోజు నుంచి ఇంకో రూలు కలిపాను: ఆరింటికి పిల్లకు స్నానం, వెంటనే హోంవర్క్, ఎనిమిదింటికి నిద్ర.

ఒకటో తరగతి చదివే మా అమ్మాయి స్నానం చేసి బుద్ధిగా పుస్తకం తెరిచింది. అంతలో మా ఆయన కల్లం నుంచి వచ్చి అరుగు మీద కూర్చున్నారు. అది పరుగెత్తుకెళ్ళి ఆయన తువ్వాలును ఒక్క వేలితో ముట్టుకుని వచ్చింది.

"అమ్మా, ముట్టేసుకున్నా. మళ్ళీ నీళ్ళు పొయ్యి."

పోశాను. తల తుడిచేలోపే మళ్ళీ వెళ్ళి ముట్టుకొచ్చింది.

నాకు ఒళ్ళు మండి, "ఏమండీ, ఆ హోంవర్కేదో మీరు చేయించండి!" అని అరిచాను.

ఆయన రెండు చేతులూ పైకెత్తారు. "నేనింకా నీళ్ళు పోసుకోలా! పుస్తకం ఎట్టా ముట్టుకునేది?"

అప్పటికి ఆయన వచ్చి గంటైంది. పిల్లకు ఈ తెలివి ఎవరి పోలికో మీరే చెప్పండి.

చివరికి ఇద్దరూ స్నానాలు చేసి, అన్నాలు తిని, రూలు ప్రకారం ఎనిమిదింటికల్లా నిద్రపోయారు. నేను హోంవర్క్ రాస్తున్నాను, దాని అక్షరాల్లాగే ఉండాలని ఎడంచేత్తో.