నేను వేసిన గట్టు

ఆ మెయిలు వచ్చినప్పుడు తోటపల్లి గూడూరులో మా అక్క రొయ్యల గుంట దగ్గర ఉన్నాను. రెండుసార్లు చదివాను.

గుంట నీళ్లలో ఆక్సిజన్ పడిపోతే రైతు ఫోనుకు హెచ్చరిక పంపే యాప్ నాది. అది ఆగితే రొయ్య చచ్చి పైకి తేలుతుంది. ఆ కొలతలన్నీ దాచేది ఒక కంపెనీ తయారుచేసిన ఓపెన్ సోర్స్ డేటాబేస్. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు, మార్చుకోవచ్చు అన్నారని ఎంచుకున్నాను. ఉత్తినే వాడుకోలేదు కూడా. అందులో తెలుగు పేర్లు అక్షరక్రమంలో రాక అడ్డదిడ్డంగా వస్తుంటే, నెలల తరబడి కూర్చుని సరిచేసి వాళ్లకే ఇచ్చాను. ఇచ్చేటప్పుడు ఒక ఒప్పందం మీద సంతకం అడిగారు. నా కోడ్ ప్రపంచమంతా వాడుతుందన్న సంబరంలో చదవకుండానే పెట్టేశాను.

ఇప్పుడు ఆ కంపెనీ లైసెన్సు, అంటే వాడుకునే షరతులు, మార్చింది. కొత్త వెర్షన్‌తో ఇతరులకు సేవలు నడిపేవాళ్లు అనుమతి తీసుకోవాలట. పోయిన నెల నేను ఎక్కించింది ఆ కొత్త వెర్షనే, షరతులు చూడకుండా. వెంటనే ఆపేయమని, నేనిచ్చిన కోడ్‌ను ఏ షరతులతోనైనా ఇచ్చుకునే హక్కు ఆ సంతకంతోనే తమకు వచ్చిందని మెయిలు. నా చెమట కలిసిన డేటాబేస్‌ను నేనే వాడకూడదా? సొమ్మొకడిది, సోకొకడిది. ఒళ్లు మండిపోయింది.

అక్కకు చెప్పాను. ఆమె మేత చల్లడం ఆపలేదు.

"సంతకం పెట్టేటప్పుడు చదివినావా?"

"లేదక్కా."

"కౌలుకు తీసుకున్న ఈ గుంటకు గట్లు నేనే పోయించినా. గడువు తీరినాక గట్టు ఎత్తుకొని పోతానా? కాగితంలో ముందే రాసుంటారు అబ్బయ్యా. చదువుకున్నోడివి, నీకు నేను చెప్పాలా?"

పాత వెర్షన్‌కు పాత లైసెన్సే వర్తిస్తుందని, దానికి వెనక్కి పోతే యాప్ ఆగదని, మరమ్మతులు మాత్రం ఇక నేనే చూసుకోవాలని చెప్పాను. ఆమె చేతులు కడుక్కుని ఫోను తీసింది.

"సరే. నీ యాప్ పెట్టుకునేటప్పుడు మేమందరం ఒప్పుకుంటున్నామని నొక్కినాం గదా. అందులో ఏముంది?"

నాకు తెలియదు. ఏదో యాప్ నుంచి కాపీ కొట్టి పెట్టిన షరతులవి. ఆమె పక్కన నిలబడి మొదటిసారి చదివాను. మూడో పేరా దగ్గర ఆగిపోయాను.

"బయటికి చదువు," అంది.

గుంటల కొలతలన్నింటి మీదా హక్కు యాప్ యజమానిదేనని, వాటిని ఎవరికైనా ఇచ్చుకోవచ్చని ఉంది. చదివాను.

అక్క ఫోను నా చేతికిచ్చి మేత బకెట్ అందుకుంది.

"మరి మాకు వెనక్కి పోయేదానికి పాత వెర్షన్ ఉందా?"

లేదు. మొదటి రోజు నుంచీ ఉన్న షరతులు ఇవే.