చెయ్యి ఆనించిన మూల

మా అక్క శోభ ఏం చదువుతోందో చెబితే గోదావరిఖనిలో నవ్వనివాళ్లు లేరు. ప్రభుత్వ సార్వత్రిక విశ్వవిద్యాలయంలో శైశవ విద్య డిప్లొమా. "పోరగాండ్లను ఆడిచ్చుడు గూడ చదువేనా పిల్లా? అట్లయితే మా అవ్వకు ఎన్ని పట్టాలియ్యాలె!" అని మా మేనత్త పూలమ్మ ఎగతాళి చేసేది. అక్క పట్టించుకునేది కాదు. వారమంతా అంగన్‌వాడీలో టీచరు, ఆదివారాలు కరీంనగర్‌లో విద్యార్థి. ఆ డిప్లొమా వస్తే సూపర్‌వైజర్ పోస్టుకు దరఖాస్తు పెట్టుకోవచ్చు. మా ఇంట్లో ఎవరికీ బొగ్గుబాయి తప్ప మరో పని దక్కలేదు. నాకు అదీ దక్కలేదు. అక్క ఒక్కతే బయటపడే దారి పట్టింది.

ఆమె పుస్తకాలు ఆమెకన్నా ముందు నేనే చదివేసేవాణ్ని. వాటిలోని బొమ్మల్లో పిల్లల కాళ్లకు బూట్లుండేవి, గదుల్లో పెద్ద పెద్ద కిటికీలుండేవి. మా కాలనీ అంగన్‌వాడీ అంటే ఎవరో ఖాళీ చేసి పోయిన పాత క్వార్టరులో ఒక గది. దాని కింద ఎప్పుడో బొగ్గు తోడేసి వదిలేసిన బాయి. మధ్యాహ్నం పక్కనే ఉన్న ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగ్ జరిగితే గోడకు ఆనించిన పలకలు గలగలమనేవి. పిల్లలు పాట ఆపేవాళ్లు కాదు.

రెండువేల తొమ్మిది వానాకాలంలో రుత్విక్ చేరాడు. నాలుగేళ్లవాడు, మాటలు తక్కువ. తల్లి సంతోషి దింపి పోయాక వాడు గడప దగ్గరే ఆగిపోయాడు. చేతిలో చిన్న తుమ్మకర్ర. దానితో నేల మీద కొట్టి, తల వంచి విన్నాడు. ఒక అడుగు వేసి మళ్లీ కొట్టాడు. అలా గది అంతా తిరిగాడు. కిటికీ లేని మూలకు వచ్చేసరికి ఎడమ అరచేయి నేలకు ఆనించి, దాని పక్కనే కర్రతో మెల్లగా తట్టాడు. కాసేపు అలాగే ఉన్నాడు. తర్వాత లేచి, వద్దన్నట్టు తల ఊపాడు.

ఆ మూలలో వాడు కూర్చోలేదు. కొన్నాళ్లకు మిగతా పిల్లలూ కూర్చోవడం మానేశారు. పొద్దున వాడు వచ్చి తట్టి చూస్తేగాని ఒక్కరూ గడప దాటేవారు కాదు.

ఒకరోజు అక్క మర్చిపోయిన టిఫిన్ ఇవ్వడానికి మా నాయిన ఆగయ్య అక్కడికి వెళ్లాడు. బాయిలో పనిచేసి రిటైరైన మనిషి. గుమ్మంలోనే నిలబడి రుత్విక్ నేల తట్టడం చూసి, టిఫిన్ అక్క చేతికిచ్చి, లోపల అడుగు పెట్టకుండా తిరిగొచ్చాడు. అక్క ఇంటికొచ్చాక అడిగాడు.

"ఎవల పోరడే వాడు?"

"సంతోషి కొడుకు. ఎందుకు నాయినా?"

"బాయిల మేం పైకప్పు చూసుడు గట్లనే. రాడుతోని కొడుతం, ఇంకో చెయ్యి ఆనిస్తం. లోపట గుల్లయితే చేతికి తెలుస్తది. ఇగ ఆడ ఎవలం నిలబడం."

"ఎవలన్న చూపిచ్చిండ్రేమో."

"ఇంట్ల చూపిచ్చే పనా అది? బాయిలకు పోరగాండ్లను తోల్కపోతరానే?"

మర్నాడు అక్క సంతోషిని అడిగింది, వాళ్ల నాయిన గాని నేర్పాడా అని.

"వాడు నాయిన మొఖమే చూడలే శోభక్క. వాడు ఏడో నెల కడుపుల ఉంటే బాయిల కప్పు కూలి ఆయన పోయిండు." కొంగుతో చేతులు తుడుచుకుని మళ్లీ అంది. "డ్యూటీ దిగి వచ్చినా ఆయనకు అదే రంది. కట్టెతోని ఇంట్ల గోడలు కొట్టేటోడు. ఇది ఇల్లయ్యా, బాయి కాదని నేను నవ్వేదాన్ని."

అక్క సంబరంగా ఇంటికొచ్చి పుస్తకం తెరిచింది. కడుపులోని బిడ్డకు చివరి నెలల్లో బయటి చప్పుళ్లు వినిపిస్తాయని అందులో ఉంది.

"చూసినవా తమ్మీ? విన్నడు వాడు. గంతే."

"విన్నది సరే అక్కా. చెయ్యి ఆనిచ్చుడు ఎట్ల విన్నడు?"

అక్క పుస్తకం మూసేసింది.

ప్రాక్టికల్ పరీక్ష అక్క పనిచేసే గదిలోనే. పరీక్షకురాలు హైదరాబాద్ నుంచి వచ్చింది. పిల్లలను గుండ్రంగా కూర్చోబెట్టి పాట, కథ, ఆట చేయించి చూపాలి. చార్టులు అతికించడానికి నేనూ వెళ్లాను. పరువు పోతుందని అక్క పొద్దున్నే రుత్విక్ కర్రను బియ్యం డబ్బా వెనక దాచింది.

వాడు గడప దగ్గర ఆగాడు. ఏడవలేదు, వెతకలేదు. ఖాళీ చేతులతో నిలబడ్డాడు. వాడి వెనక పిల్లలంతా వరసగా నిలబడ్డారు, షిఫ్టుకు దిగేవాళ్లలా. అక్క పిలిచింది, బతిమాలింది, బెల్లం ముక్కలు చూపింది. ఒక్క కాలూ కదల్లేదు. చివరికి కర్ర తెచ్చి ఇచ్చింది. వాడు తట్టుకుంటూ వచ్చి, ఆ మూలలో చెయ్యి ఆనించి, వద్దన్నట్టు తల ఊపాడు. పిల్లలే చాప ఇవతలికి లాక్కున్నారు.

"ఇవేం భయాలమ్మా, పిల్లలకు మీరే నేర్పుతున్నారా?" అంది పరీక్షకురాలు. "చాప ఆ మూలలోనే వేసి కూర్చోబెట్టండి. అప్పుడు చూస్తాను."

అక్క చాప లాగింది. భయం లేదని పిల్లలకు చూపడానికి ముందు తనే కూర్చోబోతూ నేల మీద అరచేయి ఆనించింది.

అలాగే ఉండిపోయింది. బ్లాస్టింగ్ వేళ కాదు. పలకలు కదల్లేదు. ఆమె ముఖంలో రంగు పోవడం మాత్రం కనిపించింది.

"లేవుండ్రి బిడ్డా. అందరూ బయటికి నడువుండ్రి," అంది. పరీక్షకురాలు పిలుస్తున్నా వినకుండా పిల్లలను వాకిట్లోకి తీసుకుపోయింది.

తరగతిని అదుపులో పెట్టలేకపోయిందని ఫెయిల్ చేశారు. పూలమ్మత్త కూడా ఈసారి ఎగతాళి చేయలేదు. చాలా రోజులకు నేనే అడిగాను, ఆ రోజు ఏం తెలిసిందని.

"కింద నుంచి ఎవలో చెయ్యి ఆనిచ్చిండ్రు తమ్మీ," అంది అక్క. "నా చెయ్యికి సరిగ్గ ఎదురుగ. వాళ్లు గూడ చూస్తున్నట్టు, పైన ఎట్లున్నదో."

తర్వాతి ఏడాది మళ్లీ పరీక్ష, మళ్లీ అదే గది. అప్పటికి సంతోషి కొడుకుతో మందమర్రికి, తల్లిగారింటికి వెళ్లిపోయింది. పాత పిల్లలు బడిలో చేరారు. కొత్తవాళ్లెవరూ రుత్విక్‌ను చూడలేదు. వేరే పరీక్షకురాలు వచ్చింది. చార్టులతో నేనూ వెళ్లాను. అక్క ఒక కర్ర పట్టుకుని గడప దగ్గర కొట్టింది, అడుగు వేసింది, మళ్లీ కొట్టింది. మూల దాకా పోలేదు. తట్టిన చోటే చాప పరిచింది.

"ఇదేం ఆట?"

"చప్పుళ్లు గుర్తుపట్టే ఆట మేడం. శ్రవణ నైపుణ్యం కోసం."

పరీక్షకురాలికి ఎంత నచ్చిందో! స్థానిక వస్తువుతో మంచి కృత్యం అని మెచ్చుకుని, ఆ సెంటర్‌లో అందరికంటే ఎక్కువ మార్కులు వేసింది. అక్క పాసైంది. నాకు నవ్వొచ్చింది, కోపమూ వచ్చింది.

కానీ ఆ పరీక్ష రోజునే, పాట మొదలయ్యాక ఒకటి జరిగింది. పిల్లల్లో చిన్నది జూహీ, చేరి వారమైనా కాలేదు, చాప మీంచి జారి ఆ మూలకు పోయింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ చూపలేదు. ఎడమ అరచేయి నేలకు ఆనించి తల వంచింది. రెండో చేతి వేళ్లతో మెల్లగా తట్టి, ఆగింది.

"కోన్ హై?" అని ఉర్దూలో అడిగింది నేలను, ఎవరక్కడ అన్నట్టు.

పరీక్షకురాలు ముచ్చటపడి నవ్వింది. అక్క పరుగున వెళ్లి ఆ పిల్లను ఎత్తుకుంది. జూహీ మాత్రం అక్క భుజం మీంచి నేలవైపే చూస్తూ, ఏదో జవాబు అర్థమైనట్టు తల ఊపింది.