చెరకు పిప్పిలోంచి బాదం వాసన

భీమవరానికి అల్లంత దూరంలో, రొయ్యల చెరువుల నడుమ, దుర్గాప్రసాదరాజు గారి పాత ధాన్యపు కొట్టు ఉంది. వరి పండిన రోజులలో అది కప్పు తాకేటట్లు నిండేది. ఇప్పుడందులో ఒక బల్ల, మూత బిగించే ఉక్కు పాత్ర, గాజు సామగ్రి, తణుకు నుంచి తెప్పించిన చెరకు పిప్పి బస్తాలు ఉన్నాయి. వానాకాలం మొదలైన నాటినుంచి ఆ కొట్టును ఆయన కుమార్తె ప్రణతి ఏలుతున్నది.

ప్రణతి పాలకొల్లులో ఇంటర్ పిల్లలకు రసాయనశాస్త్రం బోధిస్తుంది. చిన్ననాడు తణుకు మీదుగా బస్సులో వెళుతూ, చక్కెర కర్మాగారం పక్కన కొండలా పడి ఉన్న పిప్పిని చూసి, “ఇంత పిండేశాక ఇందులో ఇంకేం ఉంటుంది, మామ్మా?” అని అడిగింది. “ఏదో ఉండే ఉంటుంది. లేకపోతే చీమలెందుకు పడతాయే?” అన్నారు రాజుగారి తల్లి లక్ష్మీనరసమ్మ గారు. ఆ జవాబు మనుమరాలిని వదలలేదు.

పిప్పిని నీటితోనూ కాసింత ఆమ్లంతోనూ కలిపి, మూత బిగించి ఉడికిస్తే, పీచులో దాగిన చక్కెరలు విడివడి ఫర్‌ఫ్యూరాల్ అనే నూనెవంటి ద్రవంగా మారుతాయి. ఆమ్లం ఇందులో ఉత్ప్రేరకం. తాను ఖర్చు కాకుండా పనిని త్వరపెడుతుంది. ఈ ద్రవం నుంచి రెజిన్లు, మందులు, మరెన్నో చేయవచ్చు. భూమిని తొలిచి చమురు తీయనక్కరలేదు. అయితే పుట్టిన ఫర్‌ఫ్యూరాల్ వేడినీటిలోనే నిలిచిపోతే మాడి తారవుతుంది. అందుచేత నీటిపై తేలే ద్రావణి ఒకటి పోయాలి. పుట్టినదానిని పుట్టినట్లే అది తనలోకి లాక్కోవాలి. ప్రణతి పోసిన ద్రావణి ఆ పని చేయలేదు. సగం నీటిలో కలిసిపోయేది. అడుగున ప్రతిసారీ తారే మిగిలేది.

ఇంతలో గడువు ముంచుకొచ్చింది.

“అమ్మడూ, ఆదివారం దాకా కొట్టు నీది. సోమవారం రొయ్యల మేత దిగుతుంది. చెరువులు ఆగవు కదా,” అన్నారు రాజుగారు.

“ఈసారి సరిగ్గా వస్తే, నాన్నగారూ?”

“వస్తే చూద్దాం. ఇప్పటిదాకా వచ్చిందంతా రోడ్డుకి పూసుకునే తారే కదండీ!”

ఆదివారం ఉదయం ప్రణతి చివరిసారిగా పిప్పిని తూచింది. బల్లమీది తెల్ల డబ్బాలోని నీటిని కొలిచి పోసింది, ఆమ్లం చేర్చింది, పైన ద్రావణి పోసి మూత బిగించింది. ఉడికినంతసేపూ మామ్మగారు గుమ్మం దగ్గర కుర్చీలో కదలకుండా కూర్చున్నారు.

పాత్ర పూర్తిగా చల్లారాక మూత తెరవగానే కొట్టంతా బాదం వాసన వ్యాపించింది. గాజు గరాటులోకి వంపగానే పైపొర తేనె రంగుతో, కింది నీరు తేటగా, మధ్య గీత గీసినట్లు వేరుపడి నిలిచాయి. పైపొర నుంచి ఒక్క బొట్టు, ఫర్‌ఫ్యూరాల్ తగిలితే ఎర్రబడే పరీక్షా కాగితంమీద వేసింది. కాగితం ఎర్రగా విచ్చుకుంది.

“కుంకుమ పడిందే!” అన్నారు మామ్మగారు, లేచి నిలబడి.

“నాన్నగారూ! రండి, ముందు రండి!”

రాజుగారు వచ్చి కాగితాన్ని వెలుతురుకు పెట్టి చూసి, వాసన పీల్చి, “తారెక్కడమ్మా?” అన్నారు, దానికోసమే వచ్చినట్లు.

అయితే ప్రణతి ముఖంలో సంతోషం వెంటనే సందేహానికి చోటిచ్చింది. అదే పిప్పి, అదే ఆమ్లం, అదే వేడి. మారినదేమిటి? ఆమె చూపు తెల్ల డబ్బామీద పడింది.

“డిస్టిల్డ్ వాటర్ నిన్నే అయిపోయింది కదా. పొద్దున తొందరలో గమనించనేలేదు. దీన్నెవరు నింపారు?”

“నేనే. చివరి రోజు, పనిలోకి దిగుతూనే ఖాళీ డబ్బా ఎదురైతే ఏం బాగుంటుందమ్మా?”

“ఏ నీళ్లు పోశారు మామ్మా?”

“బోరువి. తాగే టిన్ను నీళ్లు శకునానికి పోస్తానా ఏంటి?”

“ఆ ఉప్పు నీళ్లా!” రాజుగారు నెత్తిన చెయ్యి పెట్టుకున్నారు. ఆ ఉప్పే ఆయన వరిని చంపింది.

ప్రణతి మాత్రం మామ్మను కౌగిలించుకుని గిర్రున తిప్పింది. ఉప్పు నిండిన నీరు ఫర్‌ఫ్యూరాల్‌ను నిలవనివ్వక ద్రావణిలోకి తోసివేస్తుంది. ద్రావణినీ తనలో కలవనివ్వదు. సబ్బును విడదీయడానికి ఉప్పు వేస్తారని ఆమె ఏటా పాఠం చెబుతూనే ఉంది. శుద్ధజలం మీది భక్తితో తన పాత్రలోకి మాత్రం ఉప్పును రానివ్వలేదు!

“ఒకసారి వస్తే వచ్చినట్టు కాదు. డిస్టిల్డ్ వాటర్లో కళ్లుప్పు వేసి మళ్లీ చేస్తాను.”

రాజుగారు తామే స్కూటరెక్కి బ్యాటరీ షాపుకు వెళ్లి నీళ్లు తెచ్చారు. “ఉక్కు పాత్రని ఉప్పు తినేయదూ?” అన్నారు, పాత్రమీద వేడి చూపే ముల్లును తామే కనిపెడుతూ.

“తింటుందండి. దానికి వేరే పాత్ర చూద్దాం. ముందు ఇది తేలనివ్వండి.”

సాయంత్రానికి తేలింది. రెండవ కాగితం మొదటిదానికంటే ఇంకా ఎర్రబడింది.

సోమవారం మేత లారీ వచ్చి కొట్టు ముందు ఆగింది. డ్రైవరు అనిల్ కుమార్ తల బయటపెట్టి, “ఎక్కడ దింపమంటారండి?” అని అడిగాడు.

“ఇంట్లో. హాల్లో దింపించు బాబూ,” అన్నారు రాజుగారు.

“హాల్లోనా! ఆ ఎండుచేపల కంపు ఎవరు భరిస్తారు, ప్రసాదూ?”

“డబ్బా నింపింది మీరే కదండీ, అమ్మగారూ!”

మామ్మగారు ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంటూ ఉండగానే కొట్టులోంచి ప్రణతి కేక వినిపించింది. “మామ్మా! బోరు నీళ్లు ఇంకో బిందె!”